గనుల పక్కన రేడియో: ఎవరి చేతికి మైకు?

కృష్ణా తీరం వెంబడి మేళ్లచెరువు, మఠంపల్లి, దామరచర్ల మండలాల్లో పరుచుకున్న సున్నపురాయి గనులకు, సిమెంటు ఫ్యాక్టరీలకు నడుమ బతికే ఊళ్లకు సొంత రేడియో ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా చర్చ ట్రాన్స్‌మిటర్ ఖర్చు దగ్గరే ఆగిపోతుంది. అసలు చిక్కు ఖర్చులో లేదు. లైసెన్సు ఎవరికి ఇస్తారు, మైకు ముందు ఏం మాట్లాడనిస్తారు అన్న నిబంధనల్లో ఉంది.

గని కార్మికుల రేడియోకు పేరెన్నికగన్న దేశం బొలీవియా. అక్కడి తగరపు గనుల్లో 1940ల చివరి నుంచే కార్మిక సంఘాలు సభ్యుల కూలిలోంచి కొంత మినహాయించుకొని స్టేషన్లు నెలకొల్పాయి. 1952 విప్లవం తర్వాత వాటి సంఖ్య ఇరవై దాటింది. సమ్మె పిలుపుతో పాటు చావు కబురు, తప్పిపోయిన పిల్లవాడి ఆనవాళ్లు కూడా వాటిలోనే వినిపించేవి. 1967 జూన్ 24 తెల్లవారుజామున శాన్ హువాన్ పండగ వేళ గని శిబిరాలపై కాల్పులు జరిపిన సైన్యం రేడియో స్టేషన్‌నూ వదల్లేదు. 1980 సైనిక కుట్ర నాడు ఈ స్టేషన్లు గొలుసుకట్టుగా కలిసి, సైనికులు గుమ్మంలోకి వచ్చేదాకా ప్రసారం సాగించాయి. వాటిని నీరసింపజేసింది మాత్రం తుపాకులు కావు. 1985లో తగరం ధర పడిపోయి గనులు మూతపడటంతో కూలీ పోయింది, దాని మీద నడిచే రేడియో చితికిపోయింది.

మన దగ్గర దారి వేరు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. అయినా కమ్యూనిటీ రేడియో, అంటే స్థానికులే తమ కోసం నడుపుకునే రేడియో పెట్టుకోవడానికి 2002 చివర్లో గానీ విద్యాసంస్థలకు, 2006 నవంబరులో గానీ స్వచ్ఛంద సంస్థలకు అనుమతి దొరకలేదు. జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూర్‌లో దళిత మహిళల సంఘం రేడియో 1998 నాటికే సిద్ధమైనా, ఏళ్ల తరబడి క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించుకోవాల్సి వచ్చింది. గాలిలోకి వెళ్లింది 2008 అక్టోబరులో.

2006 కమ్యూనిటీ రేడియో విధానం రాజకీయ పార్టీలను, వాటికి అనుబంధమైన కార్మిక సంఘాలను అనర్హుల జాబితాలో చేర్చింది. బొలీవియాలో రేడియోను నిలబెట్టిందే సంఘం కాగా, ఇక్కడ పేరున్న కార్మిక సంఘాల్లో చాలావాటికి ఏదో ఒక పార్టీ నీడ ఉంటుంది. సొంతంగా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేయడం కూడా నిషిద్ధమే. రేపు మధ్యాహ్నం బ్లాస్టింగ్ ఉంది, దారి మూస్తారు అని చెప్పడానికి ఎవరూ అడ్డుపడరేమో. గని లీజు విస్తరణపై ప్రజాభిప్రాయ సేకరణలో ఎవరేమన్నారో చెబితే మాత్రం అది వార్తే అవుతుంది.

అదే ఏడాది సెప్టెంబరులో వెలువడిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్, పత్రికలు చేరని చోట ఇలాంటి ప్రజాభిప్రాయ సేకరణ సమాచారాన్ని డప్పు చాటింపుతో, రేడియో, టీవీ ప్రకటనలతో తెలియజేయాలని చెప్పడం విచిత్రం. 2003లో నల్గొండ జిల్లా లంబాపూర్-పెద్దగట్టు యురేనియం గనులపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఆ తండాలకు ఇలాంటి సొంత గొంతు లేదు.

నిబంధనల ప్రకారం కృషి విజ్ఞాన కేంద్రాలు అర్హమైనవే, గడ్డిపల్లిలో ఒకటి ఉంది కూడా. అయితే వంద వాట్ల పరిమితితో ప్రసారం పది, పదిహేను కిలోమీటర్లకు మించి సాగదు కనుక అక్కడి నుంచి మేళ్లచెరువు క్వారీలను అందుకోవడం కష్టం. పైగా ఆ కేంద్రం పని సాగు గురించి చెప్పడం, గని దుమ్ము గురించి కాదు.