సీఎస్‌వీ ఫైలు "ఊరికే తెరిచి చూశాను" అనేవాళ్ల కోసం: అపోహలు - వాస్తవాలు

"మీ ప్రోగ్రామ్‌లో ఏదో బగ్ ఉందండీ, నంబర్లు మారిపోతున్నాయి." ఈ మాట విని విని విసుగొచ్చింది. ఫైలు తెరిచి చూస్తే, ప్రోగ్రామ్ దాకా రాకముందే అందులో నంబర్లు పోయి ఉంటాయి.

అపోహ: సీఎస్‌వీ అంటే ఎక్సెల్ ఫైలే. తెరిచి, సేవ్ చేసి మూసేస్తే ఏం కాదు.

వాస్తవం: చూస్తే ఏం కాదు, సేవ్ కొడితేనే ముప్పు. సీఎస్‌వీలో ఉండేది ఉత్త అక్షరాలు, మధ్యలో కామాలు. ఏ కాలమ్‌లో అంకెలున్నాయో, ఏది తేదీయో అందులో ఎక్కడా రాసి ఉండదు. ఎక్సెల్ తనే ఊహించుకుంటుంది. డబుల్ క్లిక్ చేయగానే 12 అంకెల ఆధార్ నంబర్ 1.23457ఈ+11 అని కనిపిస్తుంది. అప్పటికి టెన్షన్ అక్కర్లేదు, అసలు అంకెలు లోపల ఉన్నాయి. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేశారా, తెర మీద కనిపిస్తున్న ముక్కే ఫైలులోకి వెళ్తుంది. మళ్లీ తెరిస్తే 123457000000. మిగతా అంకెలు ఏ సెట్టింగ్ మార్చినా రావు. ఖాతా నంబర్ల ముందున్న సున్నాలదీ అదే గతి. 16 అంకెల కార్డు నంబరైతే ఇంకా ఘోరం. ఎక్సెల్ 15 అంకెల దాకే గుర్తుపెట్టుకుంటుంది, పదహారోది తెరవగానే సున్నా.

ఇంటి నంబర్ల సంగతి వేరే చెప్పాలి. 5-12 మనకు ఇల్లు, ఎక్సెల్‌కి డిసెంబర్ 5. 5-32 అయితే, 32ని ఏడాది అనుకుని, మే నెల. 13-45 మాత్రం ఏ తేదీకీ కుదరదు కాబట్టి అలాగే ఉండిపోతుంది. అందుకే పైపైన నాలుగు వరసలు చూసి "బాగానే ఉంది" అనుకుంటారు. "సెల్‌ని టెక్స్ట్‌గా మారిస్తే పాతవి తిరిగొస్తాయి" అని వాట్సాప్‌లో తిరిగే చిట్కా ఉంది. మార్చి చూడండి, 45631 లాంటి అంకె వస్తుంది, అది తేదీని ఎక్సెల్ లోపల దాచుకునే రోజుల లెక్క. దయచేసి ఆ చిట్కాని ఫార్వర్డ్ చేయకండి. (మనమే కాదు, జన్యుశాస్త్రవేత్తలూ ఈ బాధ పడ్డారు. చివరికి 2020లో మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లే మార్చేసుకున్నారు.)

ఒక మండలంలో డేటా ఎంట్రీ చేసే అమ్మాయి రాత్రిపూట ఫోన్ చేసింది. "సార్, ఆధార్ కాలమ్ అంతా ఒకేలా అయిపోయింది. నా ఉద్యోగం పోతుందా?" సేవ్ చేశావా అమ్మా అంటే, "మూసేటప్పుడు అడిగింది సార్, ఎస్ కొట్టాను" అంది. ఆమె తప్పేముంది, అడిగితే ఎవరైనా ఎస్సే కొడతారు. ముందు ఏడుపు ఆపమని, ఫైలు ఎలా వచ్చిందో అడిగాను. మెయిల్‌లో. అటాచ్‌మెంట్ చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. మళ్లీ దించుకుని, ఆ రోజు చేర్చిన వరసలు మాత్రం అందులో కలిపాం.

మీరూ అసలు ఫైలు ఒక కాపీ పక్కన పెట్టుకోండి. ఊరికే చూడాలంటే నోట్‌ప్యాడ్ చాలు. ఎక్సెలే కావాలంటే డేటా మెనూలోంచి ఫైలు తెచ్చుకుని, ఇలాంటి నంబర్లున్న కాలమ్‌లను టెక్స్ట్‌గా ఎంచుకోండి. కోడ్ రాసేవాళ్లు నవ్వకండి, పైథాన్‌లో ఇలాంటి ఫైళ్లు చదివే పాండాస్ లైబ్రరీ కూడా ఊహిస్తుంది. ముందున్న సున్నాలు అక్కడా పోతాయి, కాలమ్‌లో ఒక్క ఖాళీ ఉన్నా నంబర్ల చివర .0 చేరుతుంది. చదివేటప్పుడే డీటైప్ (డేటా రకం) స్ట్రింగ్, అంటే ఉత్త అక్షరాలు, అని చెప్పండి.

ఇక మిగతా అపోహలు. "కోడ్‌లో ప్రతి లైన్‌నీ కామా దగ్గర స్ప్లిట్ చేస్తే (విడగొడితే) సరిపోతుంది." సరిపోదు. చిరునామాలో కామా ఉంటే అది కోట్స్ మధ్య వస్తుంది, ఆ కోట్స్ లోపల కొత్త లైన్ కూడా ఉండొచ్చు. పైథాన్‌లో సీఎస్‌వీ మాడ్యూల్ ఉన్నది అందుకే. దాంతో రాసేటప్పుడు వరసకో ఖాళీ లైన్ వస్తోందా? ఫైలు తెరిచే ఓపెన్ ఫంక్షన్‌లో న్యూలైన్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇవ్వండి.

"తెలుగు పేర్లు పిచ్చి అక్షరాలుగా వస్తే ఫైలు పాడైనట్టే." కాదు. ఆ అక్షరాలు యూటీఎఫ్-8 అనే పద్ధతిలో రాసి ఉన్నాయని ఎక్సెల్‌కి తెలియలేదంతే. పైథాన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని ఇచ్చి రాస్తే పేర్లు సరిగ్గా వస్తాయి, కొత్త ఫాంట్లు ఎక్కించక్కర్లేదు.