బ్లేడ్ సర్వర్‌లో ఈఎస్ఎక్స్ఐ వేయడం: అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చాలామందికి ఈఎస్ఎక్స్ఐతో, అంటే ఒకే సర్వర్‌లో ఎన్నో వర్చువల్ మెషిన్లు (వీఎంలు) నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్‌తో, తొలి పరిచయం ల్యాప్‌టాప్‌లోనే. వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో ఒక వీఎం చేసి, ఇన్‌స్టలేషన్ ఫైల్ ఐఎస్ఓ తగిలించి, ఎంటర్, ఎఫ్11, ఎంటర్ కొట్టుకుంటూ పోతే కాసేపటికి పసుపు, బూడిద రంగుల తెర వచ్చేస్తుంది. బ్లేడ్ మీదా, అంటే ఛాసిస్ అనే పెద్ద పెట్టెలోకి తోసే పలచటి సర్వర్ మీదా, ఇన్‌స్టాలర్ అంత సులువే. చిక్కంతా ఇన్‌స్టాలర్‌కి ముందూ వెనకా ఉంటుంది, ఎందుకంటే బ్లేడ్‌కి సొంత పవర్ సప్లై లేదు, సొంత ఫ్యాను లేదు, నెట్‌వర్క్ కేబుల్ గుచ్చడానికి రంధ్రం కూడా లేదు. అన్నీ ఛాసిస్‌వే.

ఉదాహరణకి హెచ్‌పీఈ సీ7000 ఛాసిస్, అందులో బీఎల్460సీ జెన్9 బ్లేడ్ తీసుకుందాం. మన దగ్గర ఇంకా చాలా చోట్ల తిరుగుతున్న జోడీ ఇదే. ఛాసిస్ ఎత్తు 10యూ (యూ అంటే ర్యాక్‌లో ఎత్తు కొలత). ముందు 16 హాఫ్ హైట్ బ్లేడ్లు పడతాయి. వెనక నెట్‌వర్క్, స్టోరేజ్ మాడ్యూళ్లు పెట్టే 8 ఇంటర్‌కనెక్ట్ బేలు, 10 ఫ్యాన్లు ఉంటాయి. ఆరు పవర్ సప్లైలు ముందు వైపే, కింద. సిస్కో యూసీఎస్ 5108 అయితే 6యూలో 8 బ్లేడ్లు, డెల్ ఎం1000ఈ అయితే 10యూలో 16. పేర్లు మారతాయి, లెక్క మారదు.

అపోహ: కొత్త బ్లేడ్ పెట్టాలంటే ఛాసిస్ మొత్తం ఆపాలి.

అక్కర్లేదు. మిగతా పదిహేను నడుస్తుండగానే పదహారోదాన్ని తోసి, లివర్ మూసేయొచ్చు. ఆన్‌బోర్డ్ అడ్మినిస్ట్రేటర్, అంటే మనం ఓఏ అని పిలిచేది, ముందు ఆ బ్లేడ్ ఏమిటో చదువుతుంది, దాని మెజనైన్ కార్డులకీ (బ్లేడ్ బోర్డు మీద అదనంగా బిగించేవి) వెనకున్న మాడ్యూళ్లకీ పొత్తు కుదురుతుందో లేదో చూస్తుంది, పవర్ లెక్క సరిపోతేనే ఆన్ కానిస్తుంది.

జనం బోర్లా పడేది ఈ పొత్తు దగ్గరే. బోర్డు మీది నెట్‌వర్క్ కార్డు ఇంటర్‌కనెక్ట్ బే 1, 2లకు వెళ్తుంది. మెజనైన్ 1 వెళ్లేది 3, 4లకు. మెజనైన్ 2 అయితే 5 నుంచి 8 వరకు. ఇది మిడ్‌ప్లేన్‌లో, అంటే ఛాసిస్ మధ్యలో ఉండే బోర్డులో, గీసేసిన దారి, కేబుల్ మార్చి సర్దుకోవడం కుదరదు. బే 3, 4లో ఈథర్‌నెట్ మాడ్యూళ్లు ఉండగా స్టోరేజ్‌కి వాడే ఫైబర్ ఛానల్ కార్డును మెజనైన్ 1లో పెడితే ఓఏ పోర్ట్ మ్యాపింగ్ పేజీలో తేడా చూపిస్తుంది. బ్లేడ్ బయటికి లాగి, మూత తీసి, కార్డు మార్చాల్సిందే. కాబట్టి లోపలికి తోయకముందే మూత తీసి ఏ స్లాట్‌లో ఏ కార్డు ఉందో చూసుకోండి. ఖాళీ బేలకి బ్లాంకులు పెట్టడం మరచిపోవద్దు. అవి లేకపోతే గాలి తేలిక దారి చూసుకుని ఖాళీలోంచి పోతుంది, పక్క బ్లేడ్లు వేడెక్కుతాయి, ఫ్యాన్లు అరుస్తాయి.

అపోహ: ఇన్‌స్టలేషన్‌కి డేటా సెంటర్‌కి వెళ్లాలి, పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లాలి.

వెళ్లినా తప్పు లేదు. బ్లేడ్ ముందు భాగంలో ఎస్‌యూవీ కేబుల్ గుచ్చితే సీరియల్, యూఎస్‌బీ, వీడియో మూడూ బయటికొస్తాయి. కానీ అది చివరి మార్గం. రోజువారీ పని, బ్లేడ్‌ను దూరం నుంచి నడిపే ఐలో (iLO) రిమోట్ కన్సోల్‌లో వర్చువల్ మీడియాతో అయిపోతుంది.

ఇక్కడో మెలిక ఉంది. ఇంట్లో కూర్చుని వీపీఎన్ మీదుగా ల్యాప్‌టాప్‌లోని ఐఎస్ఓను మౌంట్ చేస్తే బ్లేడ్ చదివే ప్రతి ముక్కా మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అప్‌లోడ్ మీదే నడుస్తుంది. మాడ్యూళ్లు లోడ్ అయ్యే తెర దగ్గరే గంట పట్టొచ్చు, మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటికొస్తుంది. డేటా సెంటర్ నెట్‌వర్క్‌లోనే ఉన్న జంప్ సర్వర్‌లో ఐఎస్ఓ పెట్టి, అక్కడి నుంచి కన్సోల్ తెరవండి.

అపోహ: ఏ ఐఎస్ఓ అయినా ఒకటే.

సర్వర్ తయారుచేసిన కంపెనీ ఇచ్చే కస్టమ్ ఇమేజ్‌నే వాడండి. అందులో ఆ హార్డ్‌వేర్‌కి సరిపోయే డ్రైవర్లు, రెయిడ్ (డిస్కులను కలిపి నడిపే పద్ధతి) కంట్రోలర్‌ను చూసుకునే సాధనాలు కలిపి ఉంటాయి. మామూలు ఇమేజ్‌తో కూడా చాలాసార్లు ఇన్‌స్టాల్ అవుతుంది. అందుకే ఈ అపోహ ఇంకా బతికుంది. కాకపోతే డిస్క్ పోయినప్పుడు హెచ్చరిక రాదు. రెయిడ్ స్థితి చూద్దామంటే సాధనమే ఉండదు.

2020 ఏప్రిల్‌లో వచ్చిన ఈఎస్ఎక్స్ఐ 7.0తో పాత వీఎంకేలైనక్స్ డ్రైవర్ల పొర పూర్తిగా పోయింది. 6.7లో ఆ డ్రైవర్‌తో నడిచిన కార్డు 7.0లో అసలు కనిపించకపోవచ్చు. నెట్‌వర్క్ కార్డు దొరకలేదని ఇన్‌స్టాలర్ అక్కడే ఆగిపోతే బ్లేడ్ పాడైందనుకోవద్దు, ముందు కంపాటిబిలిటీ గైడ్ చూడండి. జియాన్ 5600 తరం ప్రాసెసర్లకూ 7.0లోనే తలుపు మూశారు. ఇంకో సంగతి, 7.0కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 2తో ముగిసింది. పాత బ్లేడ్‌లో కొత్తగా వేసేవాళ్లు ఇది తెలిసే వేయాలి.

డ్రైవర్ ఒక్కటే కొత్తదై ఫర్మ్‌వేర్ పాతదైతే ఇంకా ఇబ్బంది. లింక్ ఆన్‌లోనే ఉంటుంది, లోడ్ పెరిగినప్పుడు మాత్రం కార్డు రీసెట్ అవుతుంటుంది. రెండింటినీ జంటగా చూడాలి. ఓఏ, వర్చువల్ కనెక్ట్ (వెనక బేల్లో ఉండే హెచ్‌పీఈ నెట్‌వర్క్ మాడ్యూళ్లు), బ్లేడ్ ఈ మూడింటి ఫర్మ్‌వేర్లు ఒకే సర్వీస్ ప్యాక్‌కి చెందినవి అయితే సగం తలనొప్పులు ఉండవు.

అపోహ: ఎస్‌డీ కార్డు చాలు, ఈఎస్ఎక్స్ఐ ర్యామ్‌లోనే కదా నడిచేది.

6.x కాలంలో ఇది నిజమే. బూట్ అయ్యాక కార్డుతో పెద్దగా పని ఉండేది కాదు. 7.0లో పార్టిషన్ల అమరిక మారి ఈఎస్ఎక్స్-ఓఎస్‌డేటా అనే భాగం వచ్చింది. లాగులు, కోర్ డంప్, స్థితి వివరాలు అన్నీ అక్కడికే చేరతాయి, రాత పని నిరంతరం ఉంటుంది. 7.0 అప్‌డేట్ 2 తర్వాత ఎస్‌డీ కార్డులు వరసగా చచ్చిపోవడం మొదలైంది. కార్డు పోయినా వీఎంలు నడుస్తూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రీబూట్ చేసిన రోజు హోస్ట్ లేవదు. చివరికి వీఎంవేరే ఎస్‌డీ, యూఎస్‌బీలను ఒంటరి బూట్ డిస్క్‌గా వాడొద్దంది.

ముందున్న రెండు డ్రైవ్ బేల్లో రెండు చిన్న ఎస్ఎస్‌డీలు పెట్టి, హార్డ్‌వేర్ కంట్రోలర్ మీద రెయిడ్ 1 (రెండింట్లోనూ ఒకే కాపీ) చేయండి. కనీసం 32 జీబీ ఉండాలి. 128 జీబీ పైన ఉంటే నిశ్చింత. చిప్‌సెట్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌ను నమ్ముకోవద్దు. దానికి తగ్గ డ్రైవర్ లేకపోతే ఇన్‌స్టాలర్‌కి రెండూ విడివిడి డిస్కులుగానే కనబడతాయి.

డిస్క్ 142 జీబీ దాటితేనే మిగిలిన చోట లోకల్ డేటాస్టోర్, అంటే వీఎం ఫైళ్లు దాచుకునే చోటు, తయారవుతుంది. చిన్న డిస్క్ వేసి డేటాస్టోర్ ఏదీ అని వెతుక్కునేవాళ్లు ఎక్కువ. ఇన్‌స్టాలర్ బూట్ అయ్యేటప్పుడు షిఫ్ట్, ఓ కలిపి నొక్కి, సిస్టమ్ మీడియా సైజ్ ఆప్షన్‌కి మిన్ అని ఇస్తే సిస్టమ్ 32 జీబీతో సరిపెట్టుకుంటుంది. ఇది 7.0 అప్‌డేట్ 1సీ నుంచి ఉంది.

అపోహ: డిస్క్ ఎంచుకునే తెరలో మొదటిదే లోకల్ డిస్క్.

ఈ ఒక్క అపోహ ఖరీదు మిగతావన్నీ కలిపినదానికంటే ఎక్కువ. శాన్‌కి (అందరూ పంచుకునే స్టోరేజ్ నెట్‌వర్క్) కలిసి ఉన్న బ్లేడ్‌లో ఇన్‌స్టాలర్ లోకల్ డిస్క్‌తో పాటు ఆ బ్లేడ్‌కి కనిపించే లన్‌లన్నిటినీ, అంటే శాన్ ఇచ్చే డిస్కులన్నిటినీ, చూపిస్తుంది. క్లస్టర్ (కలిసి పనిచేసే హోస్ట్‌ల గుంపు) మొత్తం వాడుకుంటున్న ప్రొడక్షన్ డేటాస్టోర్ కూడా అదే జాబితాలో, అదే రంగులో ఓ వరస. పేరు పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటే అందులో ఇప్పటికే వీఎంఎఫ్ఎస్ (డేటాస్టోర్‌కి వాడే ఫైల్ సిస్టమ్) ఉందని అర్థం. కొత్త బ్లేడ్‌కి కొత్త డిస్కులే వేసినా నక్షత్రం కనిపించిందంటే అక్కడే చెయ్యి ఆపండి.

వరస మీద నిలబడి ఎఫ్1 కొడితే వివరాలు వస్తాయి. డిస్క్ మోడల్, సైజు, అందులో ముందే ఈఎస్ఎక్స్ఐ ఉందా అన్నది చూడండి. పాత ఇన్‌స్టలేషన్ దొరికితే మూడు దారులు అడుగుతుంది. అప్‌గ్రేడ్ చేసి డేటాస్టోర్ ఉంచడం ఒకటి. కొత్తగా వేసి డేటాస్టోర్ ఉంచడం రెండోది. మూడోది కొత్తగా వేసి డేటాస్టోర్‌ను తుడిచేయడం. బాణం కీ ఒక్కసారి ఎక్కువ కొడితే చాలు.

ఇంత జాగ్రత్త మనిషి మీద పెట్టకుండా ఉండటమే మంచి పద్ధతి. ఇన్‌స్టలేషన్ అయ్యేదాకా ఆ బ్లేడ్‌కి శాన్ జోనింగ్ (స్టోరేజ్ కనిపించే అనుమతి) ఇవ్వకండి. అది కుదరకపోతే వర్చువల్ కనెక్ట్ ప్రొఫైల్‌లో, అంటే బ్లేడ్‌కి ఏ కనెక్షన్లు ఇవ్వాలో రాసే చోట, స్టోరేజ్ కనెక్షన్ తీసేయండి. శాన్ నుంచే బూట్ చేసేదైతే బూట్ లన్ ఒక్కటే, ఆ ఒక్క బ్లేడ్‌కే కనిపించేలా పెట్టి, మిగతావి తర్వాత ఇవ్వండి. రెండుసార్లు టికెట్ తెరవాలా అని స్టోరేజ్ టీమ్ విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి.

అపోహ: పెద్దక్షరం, అంకె ఉన్నాయి కదా, పాస్‌వర్డ్ తీసుకోవాలి.

కనీసం ఏడు అక్షరాలు, మూడు రకాలు కావాలి. అయితే మొదట్లో ఉన్న పెద్దక్షరాన్నీ చివర్లో ఉన్న అంకెనూ లెక్కలోకి తీసుకోదు. మనవాళ్ల పాస్‌వర్డ్‌లన్నీ దాదాపు ఆ అచ్చులోనే ఉంటాయి, అందుకే తిరస్కరిస్తుంది. పెద్దక్షరాన్నీ అంకెనూ మధ్యలోకి జరపండి.

అపోహ: ఎనిమిది విఎంనిక్‌లు (ఈఎస్ఎక్స్ఐకి కనిపించే నెట్‌వర్క్ అడాప్టర్లు) కనిపిస్తున్నాయి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది, రెడండెన్సీకి ఢోకా లేదు.

కార్డు ఒక్కటే, పోర్టులు రెండే. వర్చువల్ కనెక్ట్ ఒక్కో పోర్టును నాలుగు ముక్కలు చేస్తుంది కాబట్టి ఈఎస్ఎక్స్ఐకి ఎనిమిది కనబడతాయి. స్టోరేజ్‌కి రెండు కేటాయిస్తే ఆరు. మామూలు వరసలో విఎంనిక్0 బే 1 వైపు, విఎంనిక్1 బే 2 వైపు, విఎంనిక్2 మళ్లీ బే 1 వైపు వెళ్తాయి. మేనేజ్‌మెంట్‌కి 0, 2 జత చేస్తే రెండూ ఒకే మాడ్యూల్ మీద ఆధారపడ్డట్టు. ఆ మాడ్యూల్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌కి రీబూట్ అయిన రాత్రి హోస్ట్ మాయమవుతుంది. వరసను నమ్మకుండా, ఎఫ్2 కొట్టి నెట్‌వర్క్ అడాప్టర్ల తెరలో మ్యాక్ అడ్రస్‌లు చూసి, ప్రొఫైల్‌లో ఉన్నవాటితో పోల్చి టిక్ పెట్టండి. ఇన్‌స్టాలర్ తనంతట తాను ఒక్క అడాప్టర్‌నే పెడుతుంది. రెండోది మీరే కలపాలి.

వర్చువల్ కనెక్ట్‌లో స్మార్ట్‌లింక్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. ఛాసిస్ నుంచి పై స్విచ్‌కి వెళ్లే అప్‌లింక్ తెగినా, బ్లేడ్‌కీ మాడ్యూల్‌కీ మధ్య లింక్ మిడ్‌ప్లేన్‌లో బతికే ఉంటుంది. ఈఎస్ఎక్స్ఐ అంతా బాగుందనుకుని అటే ప్యాకెట్లు పంపుతుంది, అవి ఎటూ చేరవు. స్మార్ట్‌లింక్ ఉంటే అప్‌లింక్ పోగానే కింది లింక్‌నూ దించేస్తుంది, అప్పుడే ఫెయిలోవర్ జరుగుతుంది. ఇక అడాప్టర్లను జత చేసే టీమింగ్ సెట్టింగ్‌లో ఐపీ హ్యాష్ పద్ధతి జోలికి వెళ్లొద్దు. రెండు మాడ్యూళ్లు కలిసి బ్లేడ్ వైపు ఒక్క ఛానల్‌గా ఏర్పడవు. డిఫాల్ట్‌గా ఉన్న ఒరిజినేటింగ్ పోర్ట్ పద్ధతే సరైనది.

ఐపీ పెట్టినా పింగ్ రావట్లేదంటే చాలాసార్లు వీల్యాన్ (నెట్‌వర్క్‌ను విడదీసే ట్యాగ్ నంబర్) దగ్గరే తప్పు ఉంటుంది. ప్రొఫైల్ ట్యాగ్ తీసేసి ఇస్తుంటే ఈఎస్ఎక్స్ఐలో వీల్యాన్ ఖాళీగా వదలాలి. ట్యాగ్‌తో ఇస్తుంటే ఆ నంబర్ రాయాలి. రెండుచోట్లా పెట్టినా, ఎక్కడా పెట్టకపోయినా ఫలితం ఒకటే.

అపోహ: లెగసీ నుంచి యూఈఎఫ్ఐకి తర్వాతైనా మార్చుకోవచ్చు.

లెగసీ పాత బూట్ పద్ధతి, యూఈఎఫ్ఐ కొత్తది. ఇన్‌స్టాల్ అయ్యాక మారిస్తే, ఇది బూట్ బ్యాంక్ (ఈఎస్ఎక్స్ఐ బూట్ ఫైళ్లు ఉండే భాగం) కాదంటూ ఆగిపోవచ్చు. ముందే యూఈఎఫ్ఐ పెట్టి ఇన్‌స్టాల్ చేయండి. బ్లేడ్ సెట్టింగ్స్ ఉండే ఎఫ్9 తెరలో ఉన్నప్పుడే పవర్ రెగ్యులేటర్‌ను ఓఎస్ కంట్రోల్‌కి మార్చండి. లేకపోతే పవర్ పాలసీ ఈఎస్ఎక్స్ఐ చేతిలో ఉండదు.

అపోహ: బ్లేడ్ పోతే డిస్కులు తీసి పక్కదాంట్లో పెడితే లేచి కూర్చుంటుంది.

లేవొచ్చు, కానీ రెండు గొడవలు ఉన్నాయి. మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్ విఎంకే0 ఇన్‌స్టాల్ అయిన రోజున అడాప్టర్ మ్యాక్‌నే తన మ్యాక్‌గా తీసుకుని దాచుకుంటుంది. తర్వాత డిస్కులు ఒక బ్లేడ్‌కీ, పాత ప్రొఫైల్ ఇంకో బ్లేడ్‌కీ వెళ్తే ఒకే మ్యాక్ రెండు హోస్ట్‌ల మీద తిరుగుతుంది, మేనేజ్‌మెంట్ వస్తూ పోతూ ఉంటుంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఫాలో హార్డ్‌వేర్ మ్యాక్ విలువను 1 చేస్తే ఇంటర్‌ఫేస్ కొత్త కార్డు మ్యాక్‌ను అనుసరిస్తుంది.

రెండోది టీపీఎం, అంటే బోర్డు మీద తాళంచెవులు దాచే భద్రతా చిప్. 7.0 అప్‌డేట్ 2 నుంచి కాన్ఫిగరేషన్ ఎన్‌క్రిప్ట్ అవుతుంది, టీపీఎం ఉంటే తాళంచెవి అందులో ఉంటుంది. బోర్డు మారితే రికవరీ కీ ఇవ్వనిదే బూట్ కాదు. ఆ కీ హోస్ట్ బాగున్నప్పుడే తీసి రాసుకోవాలి. చనిపోయాక అడిగితే ఇచ్చేవాళ్లు ఉండరు.

అపోహ: ఒక ఛాసిస్‌లో ఒక క్లస్టర్ హోస్ట్‌లు నాలుగే ఉండాలి.

ఒకప్పుడు దీనికి కారణం ఉంది. వీస్ఫియర్ (ఈఎస్ఎక్స్ఐ ఉండే వీఎంవేర్ ప్యాకేజీ) 4 కాలం హెచ్ఏలో, అంటే హోస్ట్ పోతే దాని వీఎంలను వేరే హోస్ట్‌ల మీద లేపే ఏర్పాటులో, ఐదు ప్రైమరీ నోడ్‌లు ఉండేవి. ఐదూ ఒకే ఛాసిస్‌లో పడి ఆ ఛాసిస్ పోతే, వీఎంలను మళ్లీ లేపమని చెప్పే దిక్కు ఉండేది కాదు. అందుకే నాలుగు. 2011లో వచ్చిన 5.0తో ఆ పద్ధతే పోయింది, మిగిలిన హోస్ట్‌ల నుంచి కొత్త మాస్టర్ ఎన్నికవుతుంది.

ఇప్పుడు లెక్క వేరు. ఎనిమిది హోస్ట్‌ల క్లస్టర్ రెండు ఛాసిస్‌లలో నాలుగేసి ఉంటే, ఒకటి పోయినప్పుడు సగం సామర్థ్యం పోతుంది. అడ్మిషన్ కంట్రోల్‌లో, అంటే ఆపద కోసం సామర్థ్యం ఖాళీగా ఉంచే సెట్టింగ్‌లో, ఒక హోస్ట్‌కి సరిపడా మాత్రమే వదిలి ఉంటే పోయిన వీఎంలలో చాలా లేవకపోవచ్చు. ఛాసిస్ మొత్తం పోయినా తట్టుకోవాలంటే 50 శాతం రిజర్వ్ చేయాలి. నాలుగు ఛాసిస్‌లలో రెండేసి పంచితే 25 శాతంతో సరిపోతుంది.