గ్రూపు కలిసింది కదా, ఇంకా ఆలస్యం దేనికి?

గుంటూరు, విజయవాడ బ్లడ్ బ్యాంకుల కౌంటర్ల దగ్గర రోజూ వినపడే మాట ఇది. గ్రూపంటే ఎర్రకణం మీద ఉండేదేనని జనం లెక్క. సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) ఉండే మిగతా సగం, అంటే పరాయి కణాల మీద తిరగబడే యాంటీబాడీలు, ఎవరికీ పట్టవు. కింది అపోహల్లో చాలావాటికి మూలం అదే.

అపోహ: రక్తం ఎక్కించే మార్గం వెతుకుతూ ఆస్ట్రియా శాస్త్రవేత్త లాండ్‌స్టైనర్ గ్రూపులు కనిపెట్టాడు.

వాస్తవం: ఆయన అసలు ధ్యాస సీరం మీద. ఒకరి సీరం ఇంకొకరి కణాలను ఎందుకు గుంపు కట్టిస్తోందో తేల్చడానికి, వియన్నా ల్యాబ్‌లో తనతో కలిపి ఆరుగురి రక్తం తీశాడు. సీరం, కణాలు వేరుచేసి ఒకరివి ఒకరితో కలిపి పట్టిక వేశాడు. 1901 వ్యాసంలో ఉన్నవి ఎ, బి, సి. ఆ సి యే తర్వాత ఓ అయింది. ఏబీని 1902లో డికాస్టెల్లో, స్టుర్లీ పట్టుకున్నారు. నోబెల్ వచ్చింది 1930లో. వీనర్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆర్‌హెచ్ (గ్రూపు పక్కన పాజిటివ్, నెగెటివ్ అని రాసేది) సంగతి 1940లో బయటపెట్టేనాటికి ఆయనకు 70 దాటాయి.

అపోహ: స్లైడు మీద చుక్క వేస్తే గ్రూపు తేలిపోతుంది.

వాస్తవం: అది తొలి అంచనా మాత్రమే. రెండు నిమిషాల్లో చదివేయాలి. రోహిణి కార్తెలో మన క్యాంపుల్లో ఆ లోపే చుక్క అంచులు ఎండి, గుంపు కట్టినట్టే కనిపిస్తాయి. అందుకే రిపోర్టు ట్యూబు నుంచే ఇవ్వాలి. కణాలను సెలైన్‌లో 5 శాతానికి పలచన చేసి యాంటీ-ఎ, యాంటీ-బి, యాంటీ-డి (ఇది ఆర్‌హెచ్ కోసం) ద్రావకాలతో ఒకవైపు చూడాలి. రెండోవైపు రోగి సీరం రెండు చుక్కలకు, తెలిసిన ఎ, బి, ఓ కణాలు ఒక్కో చుక్క వేరువేరు ట్యూబుల్లో కలపాలి. సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పాక ట్యూబును మెల్లగా ఒంపి చదవాలి. గట్టిగా కుదిపితే బలహీనమైన గుంపు విడిపోతుంది. రెండు వైపులా పొంతన కుదరకపోతే రిపోర్టు ఆపాల్సిందే. నాలుగు నెలల లోపు పసిబిడ్డలకు మాత్రం సీరం పరీక్ష పనికిరాదు, అందులో ఉండేవి తల్లి యాంటీబాడీలే కాబట్టి.

అపోహ: ఓ నెగెటివ్ ఎవరికైనా ఎక్కించొచ్చు.

వాస్తవం: అత్యవసరంలో ఎర్రకణాల వరకు సరే. ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) మాత్రం ఓ వాళ్లది ఓ వాళ్లకే. పైగా 1952లో భెండే బృందం గుర్తించిన బాంబే గ్రూపు వాళ్లున్నారు. స్లైడు మీద వీళ్లు అచ్చం ఓ లాగే కనిపిస్తారు, కానీ వీళ్ల సీరంలోని యాంటీ-హెచ్ అనే యాంటీబాడీ ఓ కణాలను కూడా వదలదు. సీరం పరీక్షలో ఓ కణాల ట్యూబు మానేసిన చోట వీళ్లు తప్పిపోతారు. చిన్న పొదుపే, ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: గ్రూపు ఒకటే అయితే క్రాస్‌మ్యాచ్ (రోగి సీరం, దాత కణాలు కలిపి చూడటం) దండగ.

వాస్తవం: పదేపదే రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల్లో, పలు కాన్పులైన తల్లుల్లో కెల్, ఇ లాంటి ఇతర యాంటీజెన్ల (ఎర్రకణం మీది గుర్తుల) మీద యాంటీబాడీలు తయారై ఉండొచ్చు. వాటిని పట్టేది కూంబ్స్ పద్ధతి. రోగి సీరం, దాత కణాలు కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచి, సెలైన్‌తో కనీసం మూడుసార్లు కడిగి, ఏహెచ్‌జీ (కణాలకు అంటుకున్న యాంటీబాడీలను పట్టి గుంపు కట్టించే ద్రావకం) వేయాలి. కడగడం సరిగ్గా జరగకపోతే మిగిలిన సీరం ఏహెచ్‌జీని మింగేస్తుంది. ఫలితం ఉత్తుత్తి నెగెటివ్. అందుకే నెగెటివ్ వచ్చిన ప్రతి ట్యూబులో చెక్ సెల్స్ (ముందే యాంటీబాడీ అంటించిన కణాలు) వేస్తారు. అవి గుంపు కట్టకపోతే మొదటికొచ్చి మళ్లీ చేయాలి. ఆలస్యం చాలావరకు ఇక్కడే.

అపోహ: సొంతవాళ్ల రక్తమే మంచిది.

వాస్తవం: తోబుట్టువు రక్తంలోని లింఫోసైట్లను (ఒక రకం తెల్లకణాలను) రోగి శరీరం పరాయివిగా గుర్తించలేకపోవచ్చు. అవే పెరిగి చర్మం, కాలేయం, ఎముక మజ్జల మీద తిరగబడితే బతకడం కష్టం. తప్పనిసరైతే యూనిట్‌కు 25 గ్రే రేడియేషన్ ఇచ్చాకే వాడాలి.

అపోహ: భార్యాభర్తలది ఒకే గ్రూపయితే పిల్లలకు లోపాలు.

వాస్తవం: అస్సలు లేదు. మేనరికం గొడవ వేరు, దానికీ గ్రూపుకూ సంబంధం లేదు. చూడాల్సింది తల్లి ఆర్‌హెచ్ నెగెటివా అని. భర్త పాజిటివ్ అయితే, ఆమెలో యాంటీబాడీలు అప్పటికే లేకుంటే, గర్భం 28వ వారంలో, బిడ్డ కణాల మీద యాంటీబాడీలు తయారవకుండా, యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మరో 300 మైక్రోగ్రాములు. గర్భస్రావమైనా డాక్టర్‌ను అడగాలి. చాలామంది మరిచిపోయేది అక్కడే.