కరెంటు మీద బతికే చేపలు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని పోతే తుక్కుగూడ దాటినాక కందుకూరు వస్తది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఆ మండలంలో షెడ్డు వేసి రెయిన్‌బో ట్రౌట్ పెంచుతున్నరు. ట్రౌట్ అంటే కులు, కశ్మీర్ దిక్కు మంచు కరిగి పారే వాగుల్లో బతికే చేప, దానికి 10 నుంచి 18 డిగ్రీల నీళ్లు కావాలె, 25 దాటితే ప్రాణం మీదికొస్తది. వాడిన నీళ్లనే కడిగి, చల్లబరిచి, ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ అదే ట్యాంకులోకి తిప్పే పద్ధతి ఉంది కాబట్టి ఇది అయితున్నది. దాని పేరు రీసర్క్యులేటింగ్ ఆక్వాకల్చర్ సిస్టమ్, అందరూ ఆర్ఏఎస్ అంటరు.

దీని మీద బయటి దేశాలు అంత డబ్బు ఎందుకు పోస్తున్నయంటే, సముద్రంలో వల పంజరాలు కట్టి సాల్మన్ (బయటి దేశాల్లో బాగా తినే చేప) పెంచే పద్ధతికి తిప్పలు ఎక్కువైనయి. పంజరంలో చేపలు ఒత్తుగా ఉంటయి కాబట్టి సముద్రపు పేలు (చేప ఒంటిని పట్టుకుని తినే చిన్న జీవులు) పట్టుకుంటయి, అవి పక్కనుంచి పోయే అడవి సాల్మన్ పిల్లలకి కూడా అంటుకుంటయి, మిగిలిన మేత, పెంట అంతా కింద పేరుకుంటది. 2016లో చిలీ తీరంలో విషపు నాచు కమ్ముకుంటే దాదాపు 40 వేల టన్నుల సాల్మన్ చచ్చిపోయింది. 2017 ఆగస్టులో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పంజరం కూలి రెండున్నర లక్షల దాకా అట్లాంటిక్ సాల్మన్ పసిఫిక్‌లోకి తప్పించుకుపోయినయి. కెనడా అయితే బ్రిటిష్ కొలంబియా తీరంలో సాల్మన్ వల పంజరాలన్నీ 2029 జూన్ నెలాఖరుకి తీసెయ్యాలని 2024లో చెప్పేసింది. మరి సాల్మన్ తినేటోళ్లు తగ్గలేదు కదా, అందుకే నేల మీదికి తెద్దామన్న ఆలోచన ఊపందుకుంది.

నేల మీద చేపలు పెంచడం మనకి కొత్తేం కాదు. మన హైదరాబాద్‌లో ఐసు పెట్టెల్లో దిగే రవ్వ, బొచ్చె ఎక్కువ శాతం కైకలూరు, ఆకివీడు దిక్కు చెరువుల నుంచి వచ్చేవే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) లెక్కల్లో 2022లో పెంచిన చేపలు, రొయ్యలు వగైరా 9.44 కోట్ల టన్నులు, పట్టి తెచ్చిన వాటిని దాటడం అదే మొదటిసారి, అందులో 60 శాతం పైగా సముద్రం కాని చోట పెంచినవే. కాకపోతే చెరువుకి ఎకరాలు కావాలె, ఆర్ఏఎస్‌కి షెడ్డు చాలు.

ఇప్పుడు అసలు సంగతి. చేప ఒంట్లో తయారయ్యే విషపు వ్యర్థం అమ్మోనియా, దాన్ని మూత్రంలో కంటే ఎక్కువ భాగం మొప్పల నుంచే వదుల్తది. వంద కిలోల మేత వేస్తే అటూ ఇటూ మూడు కిలోల అమ్మోనియా నీళ్లల్లోకి వస్తది, లీటరుకి ఒకటి రెండు మిల్లీగ్రాములు దాటితేనే చాలా చేపలకి కష్టం. సముద్రంలో అయితే అల వచ్చి తీసుకపోతది, ట్యాంకులో తీసుకపోయేది బ్యాక్టీరియా. ఆ బ్యాక్టీరియా ఉండే బయోఫిల్టర్‌లో సీసా మూతంత ప్లాస్టిక్ చక్రాలు వేలకి వేలు తిరుగుతుంటయి, కొత్తగా వేసినప్పుడు తెల్లగా ఉంటయి, కొన్ని వారాలకి వాటి మీద జిగురు లాంటి గోధుమరంగు పొర కడుతది, ఆ పొరే ఆ షెడ్డు మొత్తానికి ప్రాణం. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్ చేస్తది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని అంతగా హాని చెయ్యని నైట్రేట్ చేస్తది. ఈ రెండో రకం నిదానంగా పెరుగుతది, మన దగ్గర చాలామంది దెబ్బతినేది ఇక్కడే, ట్యాంకు కట్టంగనే చేప పిల్లల్ని వదిలేస్తరు, ఫిల్టర్‌కి నాలుగు నుంచి ఆరు వారాలు టైమియ్యరు, నైట్రైట్ పెరిగి రక్తంలోకి పోయి అది ఆక్సిజన్ మోయకుండా చేస్తది. చచ్చిన చేప మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాల్సింది చాక్లెట్ రంగులో ఉంటది.

ఈ బ్యాక్టీరియా పని చేసే కొద్దీ నీళ్ల క్షారత, అంటే నీళ్లు ఆమ్లంగా మారకుండా ఆపే గుణం, తినేస్తది, అందుకే ఫారాల్లో వంటసోడా (అది బైకార్బొనేటే) బస్తాలు కనపడుతయి. మన దిక్కు చాలా బోరు నీళ్లల్లో బైకార్బొనేట్ ఎక్కువే కాబట్టి ఆ విషయంలో కొంచెం కలిసొస్తది, కానీ పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత) ఎక్కువుంటే అదే అమ్మోనియా ఇంకా విషం అయితది, సో రోజూ టెస్ట్ చెయ్యక తప్పదు.

ఇగ ఆక్సిజన్. కేంద్రం 2020లో తెచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన (పీఎంఎంఎస్‌వై) పథకంలో పెద్ద ఆర్ఏఎస్ యూనిట్ ఖర్చు 50 లక్షలు అని లెక్క కట్టిండ్రు, ఒక్కోటి 90 క్యూబిక్ మీటర్ల ట్యాంకులు 8, పంటకి 40 టన్నులు. సబ్సిడీ జనరల్ వాళ్లకి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి 60. లెక్క చూస్తే పంట చివరికి వెయ్యి లీటర్ల నీళ్లల్లో 55 కిలోల చేప ఉన్నట్టు. కిలో చేప గంటకి సుమారు 300 మిల్లీగ్రాముల ఆక్సిజన్ వాడుతది అనుకుంటే 55 కిలోలు 16 గ్రాముల పైన వాడుతయి, ఆ వెయ్యి లీటర్లల్లో కరిగి ఉండేదే 7, 8 గ్రాములు. అంటే కరెంటు పోయి గాలి ఊదే బ్లోయర్, పంపు ఆగిపోతే ఇరవై నిమిషాల్లోపు జనరేటర్ ఆన్ కావాలె, లేకపోతే పొద్దున్నే లారీకి ఎత్తాల్సిన పంట అంతా తెల్లగా తేలుతది. డయాలిసిస్ మీద ఉన్న పేషెంట్ లాంటి బతుకు వాటిది.

డబ్బున్న కంపెనీలకీ ఇట్లాంటి దెబ్బలు తప్పలేదు. అమెరికాలో మయామీ దగ్గర అట్లాంటిక్ సఫైర్ అనే కంపెనీ నేల మీద సాల్మన్ పెంచుతది, 2021 మార్చిలో అక్కడ ఒక్క దెబ్బకి 500 టన్నుల దాకా చచ్చిపోయినయి, అదే ఏడు సెప్టెంబర్‌లో డెన్మార్క్‌లో ఉన్న వాళ్ల ఫారం కాలిపోయింది. ఇంకో బాధ రుచి, ఈ ట్యాంకుల్లో కొన్ని బ్యాక్టీరియా జియోస్మిన్ అనే పదార్థం తయారు చేస్తయి, తొలకరి వానకి వచ్చే మట్టివాసన దానిదే, వానలో బాగుంటది గానీ పులుసులో ఎవరికి కావాలె, అందుకే అమ్మే ముందు కొన్ని రోజులు మేత ఆపి శుభ్రమైన నీళ్లల్లో ఉంచుతరు, ఆ రోజులన్నీ ఖర్చే.

కరెంటు కిలో చేపకి ఐదు యూనిట్లు పడుతదనుకున్నా, యూనిట్ ఏడు ఎనిమిది రూపాయలైతే 35, 40 రూపాయలు అక్కడే పాయె. రవ్వ, బొచ్చెకి ఆ ఖర్చు పెడితే చెరువు రైతుతో పోటీ పడలేరు, ఈ మాట సబ్సిడీ కోసం షెడ్డు వేద్దామనుకునే తమ్ముళ్లందరికీ ముందే ఎవరన్నా చెప్తే బాగుండు. అందుకే ట్రౌట్ లాంటి ఖరీదైన చేప పెడుతున్నరు. మన కొర్రమీను కూడా సరిపోతది, తెలంగాణ రాష్ట్ర చేప, ప్రాణంతో అమ్ముడుపోతది, రవ్వకి రెండు మూడింతల రేటు, పైగా పైకొచ్చి గాలి పీల్చుకుంటది కాబట్టి ఆక్సిజన్ టెన్షన్ తక్కువ, అమ్మోనియా టెన్షన్ మాత్రం అట్లనే ఉంటది. మేతలో ఇప్పటికీ చేపపిండి ఉంటది, పెరూ తీరంలో పట్టే ఆంకోవీ లాంటి చిన్న చేపల నుంచి చేస్తరు, కాబట్టి షెడ్డులో పెంచినంత మాత్రాన సముద్రంతో సంబంధం తెగిపోదు.

నాకు మాత్రం ఆర్ఏఎస్ అసలు ఉపయోగం చేప పిల్లల పెంపకంలోనే కనపడుతది. నార్వే చూడండి, సాల్మన్ ఎక్కువగా పెరిగేది ఇంకా సముద్రంలోనే, కానీ పిల్లల్ని నేల మీద ఆర్ఏఎస్‌లో ఇదివరకటి కంటే పెద్ద సైజు దాకా పెంచి అప్పుడు వదులుతున్నరు, సముద్రంలో ఉండే నెలలు తగ్గితే పేల బాధా తగ్గుతది. చిన్న చేపకి మేత తక్కువ, నీళ్లు తక్కువ, కరెంటు తక్కువ, పిల్ల ధర మాత్రం బాగుంటది. మన దగ్గర కూడా వానాకాలం చెరువులు నిండంగనే లక్షల పిల్లలు కావాలె, చానా మటుకు ఆంధ్ర నుంచి లారీల్లో తెస్తరు, దారిలో కొన్ని పోతయి, మిగిలినవి వేలెడు కూడా లేకుండా చెరువులో పడి పెద్ద చేపల పాలైతయి. కొర్రమీను పిల్లలైతే ఒకదాన్నొకటే తింటయి, వారం వారం సైజుల ప్రకారం వేరు చెయ్యాలె, అది ట్యాంకులో అయ్యే పని, చెరువులో అయ్యేది కాదు. మార్చి నుంచి జూన్ దాకా చెరువులు ఎండిపోయి ఉంటయి కదా, ఆ నాలుగు నెలలు మండలానికో షెడ్డులో పిల్లల్ని జానెడు సైజుకి తెచ్చిపెడితే, ఆగస్టులో నీళ్లు రాంగనే మత్స్యకార సంఘాల వాళ్లు పక్క ఊరి నుంచే డ్రమ్ముల్లో తెచ్చి వదులుకోవచ్చు.