అపోహలు – వాస్తవాలు: వైద్యం అందని చోట్లకు ఫ్యామిలీ డాక్టర్ల శిక్షణ

ఇంటిల్లిపాదికీ మొదట చూసే డాక్టర్లను తయారుచేసే ఫ్యామిలీ మెడిసిన్‌లో చేరబోయే ప్రతి బ్యాచ్ నుంచీ ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "శిక్షణ ఇచ్చే ఆసుపత్రిలో పడకలెన్ని?" ఆ ప్రశ్న వెనకున్న అపోహ వల్లే అందరికన్నా ఎక్కువగా రోగులు నష్టపోతున్నారు కాబట్టి మొదట దాని సంగతి చూద్దాం. మిగతావాటికి నాలుగు మాటలు చాలు.

అపోహ: పెద్దాసుపత్రిలో అన్ని రకాల కేసులూ చూసేస్తే తర్వాత ఏ మారుమూల వేసినా నెగ్గుకొస్తారు.

నెగ్గుకురారు. పెద్దాసుపత్రి దాకా వచ్చేది వడపోతలన్నీ దాటిన జబ్బు. 1961లో పరిశోధకుడు కెర్ వైట్ బృందం వేసిన లెక్క ఈ రంగంలో అందరికీ తెలిసిందే. వెయ్యి మంది పెద్దవాళ్లలో నెల తిరిగేసరికి సుమారు 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. వాళ్లలో 250 మంది డాక్టరు దగ్గరికి వెళ్తారు. 9 మంది ఆసుపత్రిలో చేరతారు, 5 మందిని మరో డాక్టరుకు రెఫర్ చేస్తారు. బోధనాసుపత్రికి చేరేది ఒక్కరు. ఆ ఒక్కరిని చూసి నేర్చుకున్న మనిషిని తీసుకెళ్లి మిగతా 249 మంది ముందు కూర్చోబెడుతున్నాం.

అయితే ఏమవుతుంది? సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పట్టుకోవడం), స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లకు లేదని చెప్పడం) రెండూ 90 శాతం ఉన్న ఒక పరీక్ష తీసుకోండి. వేరే డాక్టర్లు పంపితే వచ్చే రెఫరల్ ఓపీలో వెయ్యి మందికి 400 మందికి ఆ జబ్బు ఉందనుకుందాం. పాజిటివ్ వచ్చేవాళ్లు 420 మంది, అందులో నిజంగా జబ్బున్నవాళ్లు 360. అంటే పాజిటివ్ అంటే దాదాపు జబ్బే. అదే పరీక్షను వెయ్యికి 20 మందికే ఆ జబ్బు ఉండే చిన్న క్లినిక్‌లో చేయండి. పాజిటివ్‌లు 116, నిజమైనవి 18. మిగిలిన 98 మందిని లేని జబ్బు కోసం దూరాభారం తిప్పుతాం. కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, ఆపైన డాక్టరు మీద నమ్మకం పోతుంది. పరీక్షలో లోపమేమీ లేదు. దాన్ని ఏ జనంలో వాడుతున్నామో చూసుకోకపోవడమే లోపం. ఇది పాఠంగా చెబితే తలకెక్కదు, ఆ జనం మధ్య కూర్చుని చూస్తేనే ఎక్కుతుంది.

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదకరం. రిపోర్టు వచ్చేదాకా ఏదీ తేల్చని అలవాటు పడిన డాక్టరు, ల్యాబు లేని చోట కళ్లముందున్న గుర్తును వదిలేస్తాడు. దగ్గుతో వచ్చిన పసిబిడ్డనే తీసుకోండి. ఊపిరి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు 60, రెండు నుంచి పదకొండు నెలల మధ్య 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే వేగంగా పీలుస్తున్నట్టు. తప్పు జరిగేది ఎక్కడంటే, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం, ఏడుస్తున్న బిడ్డకు లెక్కపెట్టడం. పసిపిల్లల ఊపిరి ఒక తీరుగా సాగదు కాబట్టి ఆ గుణకారం తప్పుతుంది. పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్, మగతగా ఉండటం: వీటిలో ఏది కనిపించినా మొదటి డోసు యాంటీబయాటిక్ ఇచ్చి వెంటనే పంపాలి. డోసు ఇవ్వకుండా చీటీ రాసి పంపడం ఆసుపత్రి లోపల పెరిగిన అలవాటు. అక్కడ పక్క వార్డు నిమిషాల దూరం, ఇక్కడ గంటల దూరం.

రెఫర్ చేయడం కూడా నేర్పాల్సిన పనే. ఎలా వెళ్తారు, ఎవరు తోడొస్తారు, ఇంట్లో మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారు, చేతిలో డబ్బుందా? ఈ నాలుగూ అడగని రెఫరల్ చాలాసార్లు గుమ్మం దాటదు. చీటీలో ఏం చూశాం, ఏం ఇచ్చాం, ఏ వేళకు ఇచ్చాం ఉండాలి. మర్నాడు ఫోన్ చేసి చేరారో లేదో కనుక్కోవాలి. ఇంటికి పంపే రోగికైతే ఏ గుర్తు కనిపిస్తే తిరిగి రావాలో, ఎన్ని రోజులు ఆగొచ్చో, క్లినిక్ మూసి ఉంటే ఎక్కడికి వెళ్లాలో చెప్పి, విన్నది మళ్లీ చెప్పించుకోవాలి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు.

మరి శిక్షణ ఎలా ఉండాలి? మొదటి ఏడాది నుంచి చివరిదాకా ఒకే క్లినిక్, అవే కుటుంబాలు, వారానికి కనీసం ఒకట్రెండు పూటలు. వార్డులో మనుషులు తక్కువైన రోజున ముందు కోత పడేది ఈ పూటలకే. దాన్ని గట్టిగా అడ్డుకోని శిక్షణ కాగితం మీదే మిగులుతుంది. తాను రాసిన బీపీ మాత్రను రోగి కొన్నాడో లేదో, ఆరు నెలలకు బీపీ ఎంతుందో చూడని డాక్టరు మందు రాయడం నేర్చుకున్నాడే గానీ వైద్యం నేర్చుకోలేదు.

పర్యవేక్షకుడికి సొంత ఓపీ పూర్తిగా పెట్టకూడదు. పెడితే బోధన వరండాలో అర నిమిషం మాటగా మారుతుంది. మొదటి నెలల్లో ప్రతి రోగినీ, గది దాటేలోపే, పర్యవేక్షకుడు చూడాలి. చేతులు కుదురుకున్నాక క్రమంగా సడలించాలి. ప్రతి కేసుకూ అయిదు పనులు: నువ్వేమనుకుంటున్నావో తేల్చి చెప్పమనడం, ఎందుకలా అనుకున్నావని అడగడం, ఒక సాధారణ సూత్రం చెప్పడం, సరిగ్గా చేసినది చెప్పడం, తప్పు దిద్దడం. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. చాలామంది పర్యవేక్షకులు మొదటి పని ఎగ్గొట్టి జవాబు తామే చెప్పేస్తారు. అక్కడితో ఆ కేసు నేర్పేది ఆగిపోతుంది.

గది బయట పనీ ఉంది. షుగర్ రిజిస్టరులోంచి ముప్పై కేసు షీట్లు తీసి, ఎందరికి పాదాలు చూశారు, ఎందరు రావడం మానేశారు అని లెక్కపెట్టించండి. ఒక్క లోపం ఎంచుకుని, పద్ధతి మార్చి, మూడు నెలలకు మళ్లీ లెక్కించాలి. 1940లలో దక్షిణాఫ్రికాలోని ఫొలేలాలో సిడ్నీ, ఎమిలీ కార్క్ దంపతులు ఇదే చేశారు. ఇల్లిల్లూ తిరిగి లెక్కలు తీశారు. పోషణ లోపం కనిపించిన చోట మందులతో సరిపెట్టక పెరటి కూరగాయల తోటలు వేయించారు.

అలాగని పెద్దాసుపత్రి అక్కర్లేదనడం లేదు. కాన్పులు, పసిగుడ్డు మొదటి నిమిషం, ఎమర్జెన్సీలు అక్కడే చేతికి అలవాటవుతాయి. కానీ అక్కడ మందు కలిపేది నర్సు. గర్భిణికి ఫిట్స్ వచ్చే గుర్రపువాతంలో (ఎక్లాంప్సియా) మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు నరంలోకి ఇవ్వాలని అందరికీ తెలుసు. 50 శాతం ద్రావణం 8 మిల్లీలీటర్లకు 12 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లు కలిపి 20 శాతం చేసి, నెమ్మదిగా ఇవ్వాలని చేత్తో చేసినవాళ్లకే గుర్తుంటుంది. ఆపైన ఒక్కో పిరుదులో 5 గ్రాములు. తర్వాతి డోసుకు ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉందా, ఊపిరి నిమిషానికి 16కు తగ్గలేదు కదా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లయినా వస్తోందా చూడాలి. విరుగుడుగా క్యాల్షియం గ్లూకోనేట్ 1 గ్రాము పక్కనే ఉండాలి. చిన్న క్లినిక్‌లో ఉండే నర్సుతో కలిపి డ్రిల్లు చేయించాలి, కొన్ని నెలలకోసారి మళ్లీ మళ్లీ. ఒకసారి నేర్చిన చేయి త్వరగానే మరిచిపోతుంది.

"ఒంటరిగా వదిలేస్తే ఏదైనా తప్పు చేస్తానేమో" అని చాలామంది భయపడతారు. న్యాయమైన భయం. చేరేముందు పడకలు కాదు, ఇవి అడగండి: రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేది ఎవరు? పేరుతో చెప్పగలరా? నేను సెలవు పెడితే నా బదులు ఎవరు? వీటికి సూటిగా జవాబు రాకపోతే మరో చోటు చూసుకోండి.

అపోహ: చిన్న ఊళ్లలో చదివితే పరీక్షల్లో వెనకబడతారు. ఈ పుకారుకు ఇంకా ప్రాణం ఉండటమే వింత. ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం 1997 నుంచి కొందరు వైద్య విద్యార్థులను ఏడాది పాటు చిన్న పట్టణాల క్లినిక్‌లలో ఉంచి చదివించింది. పెద్దాసుపత్రిలో చదివిన తోటివాళ్లకన్నా వాళ్ల మార్కులు తగ్గలేదు సరికదా, మెరుగ్గా వచ్చాయి.

అపోహ: ఇన్నేళ్లు పల్లెలో పనిచేస్తానని బాండు రాయించుకుంటే నిలిచిపోతారు. గడువు తీరేదాకా ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 సిఫార్సుల్లో ముందున్నవి వేరు: పల్లె నేపథ్యం నుంచి వచ్చినవాళ్లకు సీట్లు, ఆ చోట్లలోనే శిక్షణ. ఇల్లు, పిల్లల బడి, రెండో డాక్టరు లేని చోట ఎంత మంచి మనసున్నా అలిసిపోతారు.

అపోహ: డాక్టరుకు రోగి భాష రాకపోతే వెంట వచ్చిన పిల్లాడు చెబుతాడు. గర్భస్రావం గురించి, ఇంట్లో దెబ్బల గురించి తల్లి కొడుకు చేత చెప్పించదు. శిక్షణ పొందిన దుబాసీ కావాలి, ఫోన్‌లోనైనా సరే. రోగి వైపు చూస్తూ, ఒక్కో వాక్యం చొప్పున మాట్లాడాలి. నగరాల్లో వలసకూలీలు, ఇల్లు లేనివాళ్లు, జైళ్లలో ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వైద్యం అందని జనం అంటే పల్లెలే అనుకోవడం ఇంకో అపోహ.

అపోహ: పేద దేశంలో కొన్ని వారాలు గడిపితే గ్లోబల్ హెల్త్ వచ్చేసినట్టే. మీకు ఫొటోలు వస్తాయి, అక్కడి డాక్టరుకు అదనపు పని వస్తుంది. వెళ్లాలనుకుంటే అడిగింది వాళ్లేనా, అక్కడ ప్రాక్టీసుకు అనుమతి ఉందా, పర్యవేక్షించేది ఎవరు, వాళ్ల శిక్షణార్థులకు మీ దగ్గర చోటుందా అన్నవి టికెట్ కొనేముందే తేలాలి. సొంత చోట ఒంటరిగా చేయనివ్వని పనిని అక్కడా చేయకూడదు, పేదవాడి ఒళ్లు ప్రాక్టీసు బొమ్మ కాదు. ఇక సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ నివారణ మందులు ఎంత త్వరగా అయితే అంత మంచిది, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. పూర్తి కోర్సు అక్కడ దొరుకుతుందో, వెంట తీసుకెళ్లాలో బయల్దేరే ముందే కనుక్కోండి.