యాడ్స్ ఆపితే కుట్రా? ఈ గొడవకు మూలం 2020 జులైలో ఉంది

ఒక సోషల్ మీడియా కంపెనీకి యాడ్స్ ఇవ్వబోమని పది కంపెనీలు ఒకేసారి అంటే అది వాళ్ళ ఇష్టమా, లేక కూడబలుక్కుని చేసిన కుట్రా? యాడ్స్ ఆపిన కంపెనీల మీద ఎక్స్ (పాత ట్విట్టర్) కోర్టుకెళ్ళడంతో ఈ వాదన మళ్ళీ పైకి లేచింది. ఎలాన్ మస్క్ ట్విట్టర్ కొనడం, ఏడాది తర్వాత స్టేజీ మీద కూర్చుని ప్రకటనదారులను బూతులు తిట్టడం అందరికీ తెలిసిందే కాబట్టి ఆ కథ మళ్ళీ చెప్పను. నన్నడిగితే అసలు మలుపు మస్క్ రాక ముందే, ఫేస్‌బుక్ దగ్గర వచ్చింది.

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను ఒక పోలీసు మోకాలితో మెడ తొక్కిపెట్టి చంపాడు. నిరసనలు భగ్గుమన్నాయి. నాలుగు రోజులకు ట్రంప్ "లూటీలు మొదలైతే కాల్పులు మొదలవుతాయి" అని పోస్టు పెడితే ట్విట్టర్ దాన్ని హెచ్చరిక వెనక పెట్టింది, ఫేస్‌బుక్ ముట్టుకోలేదు. అప్పుడు ఎన్ఏఏసీపీ (నల్లజాతి వాళ్ళ హక్కుల సంస్థ), ఏడీఎల్ (యూదు వ్యతిరేకత మీద పోరాడే సంస్థ), కలర్ ఆఫ్ చేంజ్ లాంటి పౌరహక్కుల సంస్థలు కలిసి జూన్ 17న 'స్టాప్ హేట్ ఫర్ ప్రాఫిట్' మొదలుపెట్టాయి. కంపెనీలను అడిగింది ఒక్కటే, జులై నెలంతా ఫేస్‌బుక్‌కు యాడ్స్ ఆపమని.

ముందు నార్త్ ఫేస్ వచ్చింది, తర్వాత పటగోనియా (రెండూ బట్టల బ్రాండ్లే). జూన్ 26న యూనిలీవర్ కూడా అమెరికాలో ఆపేస్తున్నానంది (మన ఇళ్ళలో సర్ఫ్, లైఫ్‌బాయ్ ఉన్నాయే, ఆ కంపెనీయే). ఆ రోజు ఫేస్‌బుక్ షేరు 8 శాతం పైగా పడి, దాదాపు 5,600 కోట్ల డాలర్ల విలువ ఆవిరైంది. అదే రోజు జుకర్‌బర్గ్ లైవ్‌లోకి వచ్చి కొత్త నియమాలు ప్రకటించాడు. ఆఖరికి వెయ్యికి పైగా కంపెనీలు చేరాయి.

కానీ డబ్బు లెక్క ఇంకోలా తేలింది. జులై, ఆగస్టు, సెప్టెంబరు కలిపి ఫేస్‌బుక్ ఆదాయం సుమారు 2,147 కోట్ల డాలర్లు, ముందటి ఏడాది ఇదే కాలం కంటే 22 శాతం ఎక్కువ. ఎందుకంటే దాని బతుకు యూనిలీవర్ మీదో కోకాకోలా మీదో ఆధారపడి లేదు. ప్రకటనదారులు 80 లక్షలకు పైనే, అందులో ఎక్కువమంది చిన్న చిన్న దుకాణాల వాళ్ళు, పైగా కరోనా లాక్‌డౌన్‌లో షట్టర్లు దించుకుని ఆన్‌లైన్ అమ్మకాల మీదే నెట్టుకొస్తున్నవాళ్ళు. వాళ్ళు ఆపలేరు, ఆపమని అడగడం న్యాయం కూడా కాదు. ఈ కంపెనీలన్నీ త్వరలోనే తిరిగొస్తాయని జుకర్‌బర్గ్ ఉద్యోగులతో అన్నట్టు అప్పుడే బయటికొచ్చింది, చాలా కంపెనీలు నిజంగానే తిరిగొచ్చాయి.

అయినా దాన్ని ఓటమి అనడానికి నాకు మనసొప్పదు. అక్టోబరులో యూదుల నరమేధం జరగనే లేదనే పోస్టులను ఫేస్‌బుక్ నిషేధించింది, తర్వాత జనవరికల్లా పౌరహక్కుల కోసమే ఒక వైస్ ప్రెసిడెంట్‌ను పెట్టుకుంది. అలాంటి పెద్ద అధికారి ఉండాలన్నది ఉద్యమం డిమాండ్లలో ఒకటి. 2020 సెప్టెంబరులో విద్వేష పోస్టుల మీది నియమాల కింద గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్‌ను కూడా నిషేధించింది. అది వాల్ స్ట్రీట్ జర్నల్ కథనం తర్వాత జరిగింది కాబట్టి బాయ్‌కాట్ ఖాతాలో వేయను (తనకు అధికారిక పేజీయే లేదని ఆయన అన్నారు). కానీ విద్వేషం మీద నియమాలు కాగితం మీద ఉంటే చాలదు, అమలు చేయాలి అని అమెరికాలో అడిగిన మాటే హైదరాబాద్‌కూ వర్తించింది.

ఇప్పుడు కోర్టు సంగతి. దీనికి ఇంకా వెనక్కి, 1966లో మిసిసిపీలోని పోర్ట్ గిబ్సన్ అనే చిన్న ఊరికి వెళ్ళాలి. అక్కడి నల్లజాతి వాళ్ళు తెల్లవాళ్ళ దుకాణాల్లో కొనడం మానేశారు. పోలీసు ఉద్యోగాల్లో మమ్మల్నీ తీసుకోవాలి, మమ్మల్ని 'బాయ్', 'గర్ల్' అని కాకుండా 'మిస్టర్', 'మిసెస్' అని మర్యాదగా పిలవాలి, ఇలాంటివి వాళ్ళ డిమాండ్లు. వ్యాపారం పోయిందని దుకాణదారులు 1969లో దావా వేస్తే రాష్ట్రంలోని కోర్టు పన్నెండున్నర లక్షల డాలర్లు కట్టమంది. ఆ దావాలో ప్రతివాది ఎన్ఏఏసీపీ, అంటే 2020లో ముందు నిలబడిన ఆ సంస్థే. 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, ఒక రాజకీయ మార్పు కోసం శాంతియుతంగా కొనడం మానేయడం భావప్రకటన హక్కే అంది.

ఎక్స్ దగ్గర కథ ఎందుకు వేరైందంటే, అక్కడ దెబ్బ గట్టిగా తగిలింది. 2021లో ట్విట్టర్ ఆదాయం 508 కోట్ల డాలర్లైతే అందులో 451 కోట్లు ప్రకటనలవే, అదీ ఎక్కువగా పెద్ద బ్రాండ్లవి. 80 లక్షల చిన్న దుకాణాల అండ దానికి లేదు. యాడ్స్ ఆదాయం దాదాపు సగం పడిపోయిందని 2023 జులైలో మస్కే చెప్పాడు. ఆ నవంబరులో యూదు వ్యతిరేక పోస్టు ఒకదాన్ని నిజమేనంటూ ఆయన సమర్థించాడు, మర్నాడే నాజీలను పొగిడే పోస్టుల పక్కన పెద్ద కంపెనీల యాడ్స్ కనిపిస్తున్నాయని మీడియా మీద నిఘా పెట్టే మీడియా మ్యాటర్స్ అనే సంస్థ చూపించింది, ఐబీఎం, యాపిల్, డిస్నీ ఆపేశాయి. ఆ ఫలితాలు కావాలని సృష్టించినవని ఆ సంస్థ మీద ఎక్స్ దావా వేసింది.

2024 ఆగస్టు 6న ప్రపంచ ప్రకటనదారుల సమాఖ్య మీద, కొన్ని కంపెనీల మీద టెక్సస్‌లో ఎక్స్ ఇంకో దావా వేసింది. ఇది పౌరుల నిరసన కాదు, మార్కెట్లో ఉన్న కంపెనీలు చేతులు కలపడం, కాబట్టి గుత్తాధిపత్య వ్యతిరేక చట్టం కిందికి వస్తుందన్నది ఎక్స్ వాదన. ఈ వాదనకూ ఒక ఆధారం ఉంది. ఫీజు పెంచాలని వాషింగ్టన్ లాయర్లు మూకుమ్మడిగా కేసులు మానేస్తే దానికి రక్షణ లేదని 1990లో అదే సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే ఆ లాయర్లు అడిగింది తమ ఫీజు. తన సబ్బు యాడ్ హిట్లర్ పొగడ్తల పక్కన కనపడకూడదనుకునే కంపెనీని వాళ్ళతో ఒకే గాటన ఎలా కడతారో నాకు అర్థం కాదు.

దావా పడిన రెండు మూడు రోజులకే సమాఖ్య తన 'గార్మ్' విభాగాన్ని మూసేసింది. న్యూజిలాండ్ మసీదుల్లో కాల్పులు ఫేస్‌బుక్‌లో లైవ్‌గా వచ్చిన 2019లోనే, ఎలాంటి పోస్టుల పక్కన యాడ్ పడకూడదో తేల్చడానికి పెట్టుకున్న విభాగం అది. నడపడానికి వనరులు చాలడం లేదన్నారు. 2025 జూన్‌లో ఆమ్నికామ్ అనే యాడ్ ఏజెన్సీల సంస్థ తన పోటీదారు ఇంటర్‌పబ్లిక్‌ను కొనడానికి ఒప్పుకుంటూ, మార్కెట్ పోటీని చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక షరతు పెట్టింది. రాజకీయ అభిప్రాయాలు చూసి ఏ వేదికకూ యాడ్స్ ఆపించకూడదు, ఏ క్లయింటైనా తనంతట తాను అడిగితే తప్ప.