అపోహలు - వాస్తవాలు: బైబిల్ ట్రైనింగ్ సర్టిఫికెట్‌తో పెళ్ళిళ్ళు చేయొచ్చా?

పల్లెటూరి సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు బైబిల్ శిక్షణ ఇవ్వడం నా పని. ఏ బ్యాచ్ అయినా సరే, చివరి రోజు సర్టిఫికెట్లు పంచగానే ఎవరో ఒకరు పక్కకు పిలుస్తారు. "అన్నా, ఇక మేం పెళ్ళిళ్ళు చేయొచ్చు కదా?" చేయకూడదు అంటే ముఖం వాడిపోతుంది. మొన్న ముగిసిన బ్యాచ్‌లోనూ ఇదే. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నా.

అపోహ: బైబిల్ కాలేజీ సర్టిఫికెట్ గానీ, ఏదో ఒక ఆర్డినేషన్ (కాపరిగా అభిషేకం) గానీ ఉంటే పెళ్ళి చేసే అధికారం వచ్చేసినట్టే.

రాదు. మన దగ్గర క్రైస్తవ వివాహాలకు ఇప్పటికీ 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టమే ఆధారం. పెళ్ళి ఎవరు చేయవచ్చో దాని 5వ సెక్షన్‌లో ఉంది. బిషప్ చేత అభిషేకం పొందిన గురువు తన సంఘ క్రమం ప్రకారం చేయవచ్చు. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అయ్యగార్లు, కథోలిక్ ఫాదర్లు ఈ కోవలోకి వస్తారు. చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ గురువుల పేరు కూడా అందులో ఉంది (దొరల కాలం నాటి చట్టం మరి). బాప్టిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల కాపరులకు మాత్రం ప్రభుత్వ లైసెన్స్ ఉండాలి. అది లేకపోతే పెళ్ళి అధికారం ఉన్న వేరొకరి చేత గానీ, మ్యారేజ్ రిజిస్ట్రార్ ఎదుట గానీ జరగాలి.

ఆ లైసెన్స్ ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం, అదీ గెజెట్ నోటిఫికేషన్ ద్వారా. బైబిల్ కాలేజీ ప్రిన్సిపాల్ ఇవ్వలేరు, మినిస్ట్రీ ప్రెసిడెంట్ ఇవ్వలేరు, అమెరికా నుంచి వచ్చి తలమీద చేతులుంచి ప్రార్థన చేసిన పెద్దాయనా ఇవ్వలేరు. "మాది రిజిస్టర్డ్ మినిస్ట్రీ అన్నా" అంటారు కొందరు. అది 2001 సొసైటీల చట్టం కింద చేయించుకున్న రిజిస్ట్రేషన్. దానితో సంఘం పేరున బ్యాంకు ఖాతా తెరవచ్చు, స్థలం కొనొచ్చు. పెళ్ళి చేయడానికి అది పనికిరాదు. హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రైస్తవ థియోలాజికల్ కాలేజీలో సెరంపూర్ బి.డి. (దైవశాస్త్ర డిగ్రీ) పూర్తి చేసినా, ఆ డిగ్రీ ఒక్కదానితో ఈ అధికారం రాదు.

లైసెన్స్ ఉన్నవాళ్ళకూ ఒక మాట. ఇచ్చిన రాష్ట్రం హద్దుల్లోనే అది చెల్లుతుంది. 2014కు ముందు ఈ గొడవ లేదు. ఇప్పుడు తెలంగాణ లైసెన్స్ ఉన్న సత్తుపల్లి కాపరి ఆంధ్రాలోని తిరువూరు వచ్చి పెళ్ళి చేయకూడదు. రెండూ దగ్గర దగ్గర ఊళ్ళే, బంధువులూ అటూ ఇటూ ఉంటారు, అయినా అంతే.

అధికారం లేకుండా చేస్తే ఏమవుతుంది? 4వ సెక్షన్ ప్రకారం ఆ పెళ్ళి చెల్లదు. 68వ సెక్షన్ ప్రకారం చేసినవాడికి పదేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో ఎవరూ నవ్వరు.

కృష్ణా జిల్లాలో నాకు తెలిసిన ఒక కాపరి ఉన్నారు. వారమంతా తాపీ పని, ఆదివారం ఆరాధన. పేరులో "ఇంటర్నేషనల్" ఉన్న ఒక సంస్థ వాళ్ళు విజయవాడలో సెమినార్ పెట్టి ఆర్డినేషన్, ఐడీ కార్డు, "మ్యారేజ్ పర్మిషన్" అని ముద్రేసిన కాగితం ఇచ్చారు. భార్య కమ్మలు తాకట్టు పెట్టి ఫీజు కట్టాడు. ఆ కాగితాన్ని నమ్మి సంఘంలో పిల్లలకు పెళ్ళిళ్ళు చేశాడు. వాళ్ళలో ఒకమ్మాయి నర్సు. విదేశంలో ఉద్యోగం వచ్చింది, భర్తను డిపెండెంట్ వీసా మీద తీసుకెళ్ళాలి. లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన పెళ్ళి సర్టిఫికెట్ కుదరదన్నారు. ఆ కబురు ఊళ్ళో పాకి, "వాళ్ళకు అసలు పెళ్ళే కాలేదంట" దాకా వెళ్ళింది. అప్పటికే వాళ్ళకో పాప. ఆ నర్సమ్మాయి ఏడుస్తూ కూర్చుంటే, ఆ కాపరి నాకు ఫోన్ చేసి "అన్నా, నన్ను జైల్లో వేస్తారా?" అని అడిగాడు.

ఇలాంటి టెన్షన్‌లో ఉన్నవాళ్ళు ముందు స్థిమితపడండి, దారి ఉంది. 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ 15వ సెక్షన్ కింద, వేరే పద్ధతిలో జరిగిన పెళ్ళిని రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదు చేయించుకోవచ్చు. ముందు 30 రోజుల నోటీసు ఉంటుంది. నమోదయ్యాక, వేడుక జరిగిన నాటి నుంచి పుట్టిన పిల్లలకూ చట్టబద్ధత వస్తుందని ఆ చట్టంలోనే రాసి ఉంది. ఆ జంట అలాగే చేసుకుంది. కాపరి మీద ఎవరూ కేసు పెట్టలేదు. ఇప్పుడు ఆయన వాక్యం చెప్తాడు, ప్రార్థన చేస్తాడు. పెళ్ళి జరిపించి రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించేది లైసెన్స్ ఉన్న పక్క ఊరి కాపరి. ఇందులో చిన్నతనం ఏముంది?

లైసెన్స్ ఉన్న అయ్యగారు అందుబాటులో ఉన్నా కొన్ని కుటుంబాలు లెటర్‌హెడ్ కాగితమే చాలంటాయి. చర్చి రిజిస్టర్‌లో పేరెక్కితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందని వాళ్ళ భయం. అది ఉత్త పుకారు కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను మన దగ్గర బీసీ-సీలో చేర్చారు. ఆ భయంతో బతికేవాళ్ళ మీద నాకు కోపం రాదు. వాళ్ళ భయం మీద వ్యాపారం చేసేవాళ్ళ మీదే వస్తుంది.

డాక్టరేట్ల సంగతి కూడా ఇదే బాపతు. ఫ్లెక్సీ మీద "రెవరెండ్ డాక్టర్" అని పడాలని అప్పు చేసేవాళ్ళున్నారు. యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ వర్సిటీలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అనుమతించిన సంస్థలకే ఉంది. యూజీసీ విడుదల చేసే నకిలీ వర్సిటీల జాబితా చూడండి. ఈమధ్య జాబితాల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఉన్న రెండూ, ఒకటి గుంటూరుది, ఒకటి విశాఖది, క్రైస్తవ పేర్లతో ఉన్నవే.

మిగతావి గబగబా చెప్తాను.

"చదువుకుంటే ఆత్మ ఆరిపోతుంది, అక్షరం చంపునని రాసుంది కదా?" రెండో కొరింథీ మూడో అధ్యాయం మొత్తం చదవండి. అక్కడి మాట రాతి పలకల మీది ధర్మశాస్త్రం గురించి. మీ నోట్‌బుక్ గురించి కాదు.

"ట్రైనింగ్ అంటే సంఘాన్ని వదిలి మూడేళ్ళు హాస్టల్లో ఉండాలి." అక్కర్లేదు. కుటుంబాన్ని, పొలాన్ని వదిలి రాలేని కాపరుల కోసం గ్వాటెమాలాలో 1963లోనే ఊళ్ళకు వెళ్ళి నేర్పే పద్ధతి మొదలుపెట్టారు. మన దేశంలో ఆ పద్ధతిలో నేర్పే టాఫ్టీ సంస్థ బెంగళూరులో ఉంది.

"పాస్టరమ్మకు ట్రైనింగ్ ఎందుకు?" 1912లో బిషప్ అయిన అజరయ్య గారు దోర్నకల్‌లో సువార్తికులతో పాటు వాళ్ళ భార్యలకూ శిక్షణ ఇప్పించారు. వందేళ్ళు దాటాక ఇంకా ఈ ప్రశ్నేంటి?

"ట్రైనింగ్ అయ్యాక విదేశాల నుంచి నెలనెలా సపోర్ట్ వస్తుంది." ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ లేని సంఘం విదేశీ విరాళం తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా తనకొచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. మా దగ్గర సపోర్ట్ లేదని మొదటి రోజే చెప్తాం. మధ్యాహ్నం భోజనం మాత్రం పెడతాం.